గేదెను ఆపుతున్న లంగరు రాయి గారికి

కళింగపట్నం దగ్గర,
మా పశువుల పాక నుంచి.

మహారాజశ్రీ లంగరు రాయి గారికి నమస్కారాలు.

తాత రోజుల్లో తమరు తెప్ప మీద సముద్రానికి వెళ్లేవారట. ఇప్పుడు మీ బెజ్జంలో మా గేదె పలుపు ఉంది. ఇదేమిటని నాయనమ్మని అడిగితే, "తెప్పనే ఆపింది, గేదెని ఆపదేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీ వంశ చరిత్ర చదివాక ఇంకా సిగ్గేసింది. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర మునిగిన 3,300 ఏళ్ల నాటి ఓడలో 24 మంది మీవాళ్లే దొరికారు. ఒక్క ఓడకి 24 మందా, ఇదేదో ఆఫీసులా ఉందే అనుకున్నాను. కానీ అడుగున బండల్లో ఇరుక్కుంటే తాడు కోసి వదిలేయడమే కదా, సిబ్బంది ఆ మాత్రం ఉండాలి. సిరియాలోని ఉగారిత్‌లో అయితే బాల్ దేవుడి గుడికి మిమ్మల్ని మొక్కుగా ఇచ్చారు. ఇక్కడ మీ వంతు పేడ.

ద్వారక దగ్గర దొరికిన మీ చుట్టాల్లో త్రికోణం వాళ్లకి మూడు బెజ్జాలు. పైదాంట్లో మోకు, కింది రెండింట్లో కర్రలు. బరువు రాయిది, ఇసుకలో గుచ్చుకునే పని కర్రది. స్తంభంలా పొడుగ్గా ఉన్నవాళ్లకి కింద రెండు చదరపు బెజ్జాలు, ఒకటి నిలువుకి, ఒకటి అడ్డానికి. ఎటు పడ్డా ఒక కర్ర నేలను పట్టుకోవాలి. ఇక బెజ్జం తొలవడం! ఉలితో ఒకవైపు నుంచే కొడితే అవతలి అంచు పెచ్చులూడుతుంది. అందుకని రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో కలుస్తారు, మోకు తెగకుండా అంచులు నున్నగా చేస్తారు. అంత పనితనాన్ని మా గేదె రోజూ ఇంకాస్త నున్నగా చేస్తోంది.

తమరి వయసు మాత్రం తేలదు. ఏ సంవత్సరంలో చెక్కారో రాయి చెప్పదు. నాయనమ్మా అంతే. (లంగరు అన్న మాట కూడా పారసీ నుంచి వచ్చిందేలెండి, మీ పేరే మనది కాదు.)

ఇనుప కొక్కేలు వచ్చి మీ ఉద్యోగం ఊడగొట్టాయి, సరే. మరి మీ టెక్కలి చుట్టం నీలం గ్రానైటు సంగతేంటి? పాలిష్ పెట్టుకుని, ఓడెక్కి విదేశాలకు పోతోంది. ఓడల్ని ఆపిన వంశం మీది. ఓడలో సీటు దానిది.

నిన్న రాత్రి గేదె పలుపు తెంపుకుని వంశధార వైపు పోయింది. తమరు అంగుళం కదల్లేదు. అయినా నాయనమ్మ పొద్దున్నుంచీ మిమ్మల్నే తిడుతోంది.

ఇట్లు,
గేదెను వెతుక్కుంటున్న
మీ మనవడు