వ్యాగన్ దర్శనానికి టికెట్ పెట్టాలి

తిరుపతిలో ఇల్లున్నవాడికి బంధువులు ఎక్కువ. కొండమీద రూమ్ దొరకలేదని ఒకరు, తెల్లవారుజామున స్లాటుందని ఇంకొకరు, మెట్లదారిన పోవాలి కాస్త బ్యాగులు పెట్టుకుంటామని మరొకరు వస్తూనే ఉంటారు. రానీ. అన్నం పెడతాం, వేన్నీళ్లు కాచిస్తాం. నా గొడవంతా వాళ్లు భోంచేసి, చెయ్యి కడుక్కుని, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి, నేను కిట్టుతో కూర్చే ఇత్తడి గూడ్సు రైలు వ్యాగన్ నమూనాని చూసి అనే మాటతోనే: "భలే ఉందే! బుడ్డోడికి ఇవ్వన్నా, కాసేపు ఆడుకుంటాడు."

ఆడుకుంటాడట.

పావు మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు అది. వెలుగు తగిలితే గట్టిపడే పూత పూసి, దానిమీద డ్రాయింగు అచ్చేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. పూత లేనిచోట లోహాన్ని ద్రావణం తినేస్తుంది. రెండువైపులా తింటే ముక్క తెగుతుంది, ఒకవైపే సగం తింటే అది మడత గీత. ఆ గీత మీద ఒక్కసారే వంచాలి. వంకరొచ్చిందని వెనక్కి తిప్పి మళ్లీ వంచారా, చేతిలో రెండు ముక్కలు. ఇక రివెట్లు. ఒక్కోదాన్నీ వెనకనుంచి ఉక్కు సూదితో పొడిచి ముందుకు ఉబ్బించాలి. నేను చేస్తున్నది బ్రిటన్‌లో బొగ్గు మోసిన 16 టన్నుల వ్యాగన్. అసలుది 16 అడుగుల 6 అంగుళాల పొడవు. అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్కన నాది 66 మిల్లీమీటర్లు. (రేణిగుంట యార్డులో రోజూ కనపడే మన బొగ్గు వ్యాగన్ బాక్స్ఎన్‌కి ఇలాంటి కిట్టు నాకెక్కడా దొరకలేదు. ఆ ఏడుపు ఇంకోసారి.) దాని బ్రేకు లివరు అగ్గిపుల్లకన్నా సన్నం. రెండు చివర్లా దెబ్బ కాచే బఫర్లు తక్కువ వేడికే కరిగే తెల్లలోహం, వాటిని 70 డిగ్రీల్లో కరిగే సోల్డరుతోనే మాటేసి అతకాలి. ఇత్తడికి వాడే వేడి తగిలితే అవీ కరిగిపోతాయి.

కాబట్టి ప్రజాహితం కోరి ఈ కింది ఏర్పాట్లు ప్రతిపాదిస్తున్నాను.

సర్వదర్శనం ఉచితం. వసారాలో నిలబడి కిటికీలోంచి చూడొచ్చు. ప్రత్యేక ప్రవేశం 300 రూపాయలు. బల్లకి మూడడుగుల దూరం, చేతులు వెనక్కి, ఊపిరి పక్కకి. ఫోన్లు, చెప్పులు, పిల్లలు కౌంటర్‌లో అప్పజెప్పి టోకెన్ తీసుకోవాలి. తలనీలాలు అక్కర్లేదు, గోళ్లు కత్తిరించుకుంటే చాలు. వీఐపీ బ్రేక్ రద్దు. మొదటి వ్యాగన్ బ్రేకు విరిచిన మహానుభావుడు వీఐపీయే. "జరగండి, జరగండి" అని భుజం పట్టి తోయడానికి మా మామ సిద్ధంగా ఉన్నాడు, ఆయనకి ఆ పనిలో పుట్టుకతోనే ప్రావీణ్యం. ప్రసాదంగా కిట్టులో మిగిలిన ఇత్తడి చట్రం ముక్క, మనిషికి ఒకటి. ఎక్స్‌ట్రా కావాలంటే 50. ఎమ్మెల్యే సిఫారసు లేఖలు చెల్లవు. ఇంత చేసినా ఎవడో ఒకడు క్యూలోంచి పక్కకొచ్చి గుసగుసగా అడుగుతాడు: "లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

లోపల నేనే ఉన్నాను నాయనా.

ఇంతదాకా నవ్వుతూనే చెప్పాను. లివరు విరిగినరోజు ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "దానికేముందన్నా, ఫెవిక్విక్ పెట్టేయ్. బస్టాండు దగ్గర రెండొందలకి లైటు వెలిగే రైలే వస్తుంది." రాత్రిళ్లు కళ్లు పోగొట్టుకుని మాటేసినదానికి ఆయన కట్టిన ధర అది. నా ఒక్కడితో ఇలా ఉంటే పోనీలే అనుకునేవాణ్ని. ఇదే మనిషి కాళహస్తి వెళ్లి, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద వెదురు కలంతో గీసిన కలంకారీని వేళ్లతో నలిపి చూసి, "ప్రింటు చీరకీ దీనికీ తేడా ఏముంది, సగానికి ఇవ్వు" అంటాడు. మాధవమాలలో కొయ్య చెక్కేవాడి ఎదుటే కూర్చుని, ఉలి కదులుతుంటే చూస్తూ, "ఇదంతా మెషీన్ మీద చేస్తారులే" అంటాడు. సిగ్గు లేదా? వాడి అరచేతిలో కాయలు కనపడలేదా? సెల్‌షాపులో స్క్రీన్ గార్డుకి అడిగినంతా ఇచ్చి నోరు మెదపవు, ఉలి పట్టినవాడి దగ్గరే నీకు లెక్కలన్నీ గుర్తొస్తాయేం?

సరే. బుడ్డోడి సంగతికొస్తే, పాపం వాడు వ్యాగన్ అడగనే లేదు. పనికిరాని ముక్కొకటి, సూదొకటి ఇచ్చి కూర్చోబెట్టాను. నాలుక బయటపెట్టి, ఒక వరస రివెట్లు తిన్నగా పొడిచాడు. రెండో వరస మొదలుపెట్టేసరికి వసారాలోంచి వాళ్ల నాన్న గొంతు వినిపించింది:

"అన్నా, దీనివల్ల రేపు ఐఐటీకేమన్నా ఉపయోగముంటుందా?"