పికప్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పికప్ గారి సముఖానికి, హైదరాబాదు నుంచి ఒక సగటు ప్రయాణికుడు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

అయ్యా, సొంత గడ్డ అయిన ఇంగ్లీషులో తమరొక క్రియ. 'అప్' అనే చిన్న తోక తగిలించుకుని, కింద పడ్డదాన్ని పైకి తీయడం తమ ఉద్యోగం. అంతటితో ఆగారా? బడి దగ్గర పిల్లవాణ్ని ఎక్కించుకోవడం, వింటూ వింటూ భాష పట్టుబడటం, జలుబు అంటుకోవడం, రేడియోకు సంకేతం అందడం, చతికిలబడ్డ వ్యాపారం పుంజుకోవడం, హోటల్లో అందరి బిల్లూ ఒక్కడే కట్టడం, అనుమానితుణ్ని పోలీసులు పట్టుకెళ్లడం, అన్నీ తమరే! ఇన్ని పనులకూ మేము వేరువేరు మాటలను పోషిస్తున్నాం. తమరొక్కరే వచ్చి అందరి కొలువులూ ఊడగొట్టారు.

పైగా తమ మడి ఒకటి. 'ఫోను' అయితే తమ తలకూ తోకకూ మధ్యనైనా కూర్చోవచ్చు, వెనకనైనా కూర్చోవచ్చు. 'ఇట్' అనే సర్వనామం మాత్రం మధ్యలోనే ఇరుక్కోవాలి, వెనక నిలబడితే తప్పు. అమీర్‌పేటలో పిల్లలు ఫీజు కట్టి మరీ దీన్ని వల్లె వేస్తారు. గది దాటగానే తలనూ తోకనూ ముద్ద చేసి, చివర 'చేసుకో' అంటించి హాయిగా వాడేస్తారు. తెలివైన పనే అంటాను.

ఇక ఇక్కడి తమ లీలలు. మెకానిక్ యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి, తల పక్కకు వంచి విని, "పికప్ లేదు సార్, కార్బురేటర్ కడగాలి" అంటాడు. సినిమా చూసొచ్చినవాడు ఇంటర్వెల్ తర్వాతే పికప్ అయిందంటాడు. పోనివ్వండి.

సంక్రాంతి ముందు రాత్రి సంగతేమిటి? టిక్కెట్టు మీద పికప్ పాయింటు లక్డీకాపూల్, తొమ్మిదిన్నర. ఫుట్‌పాత్ నిండా సంచులు, నిద్రకు తూలుతున్న పిల్లలు. సూట్‌కేసు మీద కూర్చున్న మామ్మగారు ఆగిన ప్రతి బస్సునూ చూసి "విజయవాడేనా బాబూ?" అంటున్నారు. పదిన్నరకు కూడా మా బస్సు మియాపూర్‌లోనే జనాన్ని పికప్ చేసుకుంటోందని ట్రావెల్స్ కుర్రాడి కబురు. అందరినీ పికప్ చేసుకుంటున్న ఆ డ్రైవరు ఫోను మాత్రం పికప్ చేయడు! తమరు బస్సులో ఉన్నట్టా, లేనట్టా?

ఇట్లు,
లక్డీకాపూల్‌లో నిలబడి ఉన్నవాడు

తా.క.: జవాబు ఫోనులో చెప్పినా చాలు. నేను ఎత్తుతాను.