వాకర్ అంటే నడిచేవాడే బావా, కానీ ఎక్కడ నడిచాడో తెలుసా

మొన్న ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఒక జోకు వదిలాడు. వాకర్ అంటే నడిచేవాడు, టక్కర్ అంటే షర్టు టక్ చేసుకునేవాడు, ఫుల్లర్ అంటే ఫుల్లు ఎత్తినవాడు అంట. నవ్వాను, అబద్ధమెందుకు. కానీ ఆ మూడు ఇంటిపేర్లూ ఒక్క పనివే అని తెలిసినవాడికి అది చూసి ఊరుకోవడం కష్టం, అందుకే ఈ పోస్టు.

పనేంటంటే, మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్ట అలాగే వేసుకోడానికి పనికిరాదు, గొర్రె జిడ్డంతా దానికే ఉంటుంది, నేత కూడా వదులుగా ఉంటుంది. దాన్ని తొట్లో వేసి నీళ్లూ, ఒకరకం మట్టీ, ఇంకా (అన్నం తింటున్నవాళ్లు కాసేపాగి చదవండి) పులిసిన ఉచ్చా పోసి గంటలకి గంటలు కాళ్లతో తొక్కేవాళ్లు. నిలవున్న ఉచ్చలో అమ్మోనియా ఉంటుంది కదా, అది జిడ్డు వదలగొడుతుంది, తొక్కుడికి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట దగ్గరపడి మందమవుతుంది. తర్వాత ఫ్రేములకి కొక్కేలతో బిగలాగి ఆరేసేవాళ్లు. ఇంగ్లీషులో టెన్షన్ పడుతుంటే ఆన్ టెంటర్‌హుక్స్ అంటారే, ఆ హుక్కులు ఇవే.

ఈ తొక్కేవాణ్ణి ఇంగ్లండ్‌లో ఆగ్నేయం వైపు ఫుల్లర్ అన్నారు, డెవన్, సోమర్సెట్ వైపు టక్కర్ అన్నారు, ఉత్తరాన వాకర్ అన్నారు. టక్కర్‌కి మూలమైన పాత ఇంగ్లీషు మాటకి అర్థం హింసపెట్టడం, ఆ బట్ట పడ్డ పాట్లు చూస్తే న్యాయమే అనిపిస్తుంది. ఎక్సెటర్‌లో నేతవాళ్లూ వీళ్లూ కలిసి 1471లో కట్టుకున్న టక్కర్స్ హాల్ ఇప్పటికీ ఉంది. ఇక వాకర్‌కి మూలం అటూ ఇటూ దొర్లించడం అనే పాత మాట, ఇవాల్టి వాక్ కూడా అందులోంచే పుట్టింది, అంటే బావ సగం కరెక్టే.

తమాషా ఏంటంటే 1185 నాటికే యార్క్‌షైర్‌లో ఈ పనికి నీటిచక్రంతో కొయ్యసుత్తులు ఆడే మిల్లు ఉంది. ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి స్థిరపడే టైముకే చాలాచోట్ల పని సుత్తులకి పోయింది, పేరు మాత్రం కాళ్ల దగ్గరే ఆగిపోయింది. తర్వాత కొడుకు రొట్టెలు కాల్చుకున్నా వాకరే, మనవడు కొట్టు పెట్టుకున్నా వాకరే. 1820లో స్కాట్లండ్ కిల్మార్నాక్‌లో కిరాణా కొట్టు పెట్టిన జాన్ వాకర్ ఎవరో మన బావలందరికీ బాగా తెలుసు. ఆ జానీ వాకర్ విస్కీ సీసా మీద టోపీ పెట్టుకుని చకచకా నడిచే దొర బొమ్మ 1908లో వచ్చింది. తొట్లో వట్టికాళ్లతో నిలబడ్డ మనిషికి బూట్లు తొడిగి రోడ్డెక్కించేశారన్నమాట.

ఇదంతా గ్రూపులో పెడితే బావ ఏమన్నాడంటే, "ఛీ, అలాంటి పేరు పెట్టుకుని ఎలా తిరుగుతార్రా?" నాకు మండింది ఇక్కడే. ఎలా తిరుగుతారంటే, అక్కడ వాకర్‌ని పట్టుకుని మీ తాతలు ఏ తొట్లో తొక్కారని ఎవడూ అడగడు కాబట్టి. వాళ్లేదో మహానుభావులని కాదు, అమెరికాలో ఎంతోమంది నల్లవాళ్లకి ఇలాంటి ఇంటిపేర్లు బానిసత్వం రోజుల్లో యజమానుల నుంచి అంటుకున్నాయి, అది ఇంకో పెద్ద పోస్టు. కానీ మన సంగతి చూడండి. బైబిల్ మలాకీ గ్రంథంలో ఇంగ్లీషువాళ్లకి ఫుల్లర్స్ సోప్ అని ఉన్నచోట తెలుగులో చాకలివాని సబ్బు అని ఉంటుంది. వాళ్ల మాట ఇంటిపేరై వాసన పోగొట్టుకుంది, మన మాటని ఇప్పటికీ తిట్టులా వాడేవాళ్లు మన గ్రూపుల్లోనే ఉన్నారు. పేరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, అప్పటికీ తేలకపోతే ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు అని అడుగుతారు. హైదరాబాద్ కోఠిలో యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు ఆ మాటతో సహా పెట్టారు, అది చూసి మొహం చిట్లించినవాళ్లూ నాకు తెలుసు.

ఇంతకీ తొట్లో వేసే ఆ మట్టి సంగతి చెప్పలేదు కదా. ఇంగ్లీషులో దాన్ని ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. మన దగ్గర ముల్తానీ మట్టి. ఆదివారం ఆదివారం అక్క బావ మొహానికి పూసేది అదే, ప్యాకెట్ మీద ఇంగ్లీషు పేరు చదువుకోమని గ్రూపులోనే పెట్టా. బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు.