లిల్లీకి పట్టిన ప్రతి పురుగూ ఎర్రనల్లి కాదు

విశాఖలో మిద్దెతోటలు పెంచేవారి ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. "లిల్లీ ఆకుల మీద మచ్చలు వస్తే అది ఎర్రనల్లి. లీటరు నీటికి రెండు చెంచాల ఇమిడాక్లోప్రిడ్, ఒక చెంచా బట్టల సబ్బుపొడి కలిపి మధ్యాహ్నం ఎండలో చల్లండి. మిగిలింది దుంప మొదట్లో పోయండి. ఎర్ర పురుగు కనిపిస్తే నలిపేయండి." నాకే ఆరుగురు పంపారు. దీన్ని నమ్మి కుండీలు ఖాళీ చేసుకున్నవారిని చూశాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందు, ఏ లిల్లీ? పూర్ణా మార్కెట్‌లో దండల్లో కనిపించే లిల్లీ నిజానికి నేలసంపంగి. అపార్ట్‌మెంట్ల గోడల వెంట పెంచేది ఎక్కువగా స్పైడర్ లిల్లీ. వేటికి పట్టే పురుగులు వాటికున్నాయి.

అసలు చిక్కు నల్లి అన్న మాటలో ఉంది. మంచంలో కుట్టే నల్లికీ పిండినల్లికీ ఆరు కాళ్లు, అవి కీటకాలు. ఎర్రనల్లికి ఎనిమిది, అది సాలెపురుగుకు చుట్టం. మన భాష వాటిని ఒకే పేరుతో పిలిచింది గానీ మందుకు ఆ పేరుతో పని లేదు. ఇమిడాక్లోప్రిడ్ పేనుబంక వంటి రసం పీల్చే కీటకాలను చంపుతుంది, ఎర్రనల్లిని చంపదు. పైగా ఈ మందు చల్లాక నల్లి ఇంకా పెరిగిపోవడం చాలా పంటల్లో గమనించారు. ఇక మోతాదు చూడండి. మామూలుగా దొరికే 17.8 శాతం మందు లీటరుకు 0.3 మి.లీ. చాలు. రెండు చెంచాలంటే సుమారు 10 మి.లీ., ముప్పై రెట్లకు పైమాటే! పూలమీద వాలే తేనెటీగలకు అది విషం.

నల్లి అవునో కాదో తేల్చుకోవడానికి తెల్లకాగితం చాలు. ఆకు కింద కాగితం పట్టి తట్టండి. మిరియపు పొడి నలుసుల్లాంటి చుక్కలు మెల్లగా కదిలితే, ఆకు అడుగున సన్నని సాలెగూడు లాంటి అల్లిక ఉంటే అది నల్లే. సన్నగా, పొడుగ్గా ఉండి చురుగ్గా పాకితే తామర పురుగు. అది గీకిన చోట ఆకు వెండిలా మెరుస్తుంది. దుమ్ము పేరుకున్న బాల్కనీల్లో, వాన తగలని కుండీల్లో నల్లి ఎక్కువ. మొదట ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో గట్టిగా కడగండి. వేడిలో గుడ్డు వారం పది రోజుల్లోనే పెద్ద నల్లి అవుతుంది కాబట్టి ఐదారు రోజులకొకసారి మళ్లీ కడగాలి. లొంగకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట. మండుటెండల నెలల్లో గంధకం వద్దు, వేపనూనె చల్లిన రెండు వారాల లోపూ వద్దు. ఆకు మాడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో సబ్బుపొడి నీళ్లు కొట్టినా అంతే.

వానాకాలంలో స్పైడర్ లిల్లీ ఆకు మీద తెల్లని పొరలాంటి మచ్చ చాలాసార్లు గొంగళిపురుగు పనే. మొన్న అలాంటి ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాను. పైపొర, కిందపొర మాత్రం మిగిలాయి. మధ్యలో నల్లని చిన్న పురుగులు వరుసగా ఉండి గుజ్జు తింటున్నాయి. పైన చల్లిన మందు వాటికి ఎలా తగులుతుంది? ఆకును మొదలంటా కోసి సబ్బునీళ్లలో వేశాను. బయట తిరిగే చిన్న పురుగులకైతే బీటీ మందు (గొంగళిపురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసినది) సాయంత్రం చల్లితే సరిపోతుంది.

సందేశంలో ఫొటో పెట్టిన ఎర్ర పురుగు యూరప్, ఉత్తర అమెరికా తోటలను పీడించే లిల్లీ పెంకుపురుగు. అది చల్లని దేశాలది. మన కుండీల్లో ఎర్రగా కనిపించేది పేనుబంకను తినే అక్షింతల పురుగు, లేదా తొలకరికి నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగు. ఆరుద్ర కూడా ఎనిమిది కాళ్లదే, కానీ మొక్క జోలికి పోదు. దయచేసి వాటిని నలపకండి.

దుంప మొదట్లో మందు పోయడం మరీ తప్పు. దుంపల్లో చేరే నల్లి వేరు. ముత్యంలా తెల్లగా, గుండ్రంగా ఉండి బద్ధకంగా కదులుతుంది. చాలావరకు అప్పటికే కుళ్లు పట్టిన దుంపలోకే వస్తుంది. మీరు పోసే నీళ్లు ఆ కుళ్లును పెంచుతాయి. కుండీ బోర్లించి దుంపలను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తబడినవాటిని ఎరువు గుంతలో వేయకుండా చెత్తబండికి ఇచ్చేయండి. గట్టిగా ఉన్నవాటి పైపొరలు ఒలిచి, నీడలో ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. ఇలా పక్కింటి పిన్నిగారి కుండీలో ఏడింట నాలుగు మిగిలాయి, వాటిలో మూడు ఇప్పటికే చిగురు వేశాయి.