ఎంత తక్కువైతే సరిపోతుంది?

"ఈ మాత్ర కాస్త తగ్గించి వేసుకుంటే సరిపోదా నాన్నా?" అని పిన్ని ఒకరోజు ఫోనులో అడిగింది. ఆమెకు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. రోజూ ఇమాటినిబ్ వేసుకుంటోంది. రక్తపరీక్షలు ఏళ్ల తరబడి బాగానే వస్తున్నాయి. కానీ పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, ఎంత పడుకున్నా తీరని అలసట. క్యాన్సర్ మందుల ప్రయోగాల గణాంకాలు చూడటం నా ఉద్యోగం కాబట్టి ఇంట్లో అందరూ ఇలాంటివి నన్నే అడుగుతారు. "డాక్టర్ చెప్పినంత వేసుకోవాల్సిందే పిన్నీ" అని ఆ మాటను అక్కడితో తుంచేశాను.

ఎవరికి వారు మోతాదు తగ్గించుకోకూడదని ఇప్పటికీ చెబుతాను. కానీ పిన్ని అనుమతి అడగలేదు, తనకు ఎంత అవసరమో అడిగింది. క్యాన్సర్ ఔషధ పరిశోధనలో ఈనాడు అన్నిటికన్నా విలువైన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. కొత్త మందు వస్తే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. ఉన్న మందును ఎంత తక్కువగా, ఎంత తక్కువకాలం ఇస్తే చాలునో కనిపెట్టినవారి పేరు ఎవరికీ తెలియదు. అలాంటి పరిశోధనకు దక్కాల్సిన గౌరవమూ దక్కడం లేదు, డబ్బూ దక్కడం లేదు.

క్యాన్సర్ మందు మోతాదును ఎలా ఖాయం చేస్తారో తెలిస్తే పిన్ని ప్రశ్నలోని బలం తెలుస్తుంది. పాత కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. ఎంత ఎక్కువ ఇస్తే అన్ని ఎక్కువ కణాలు చస్తాయన్న లెక్కతో, మనిషి తట్టుకోగల గరిష్ఠ మోతాదు ఏదో కనుక్కునేవారు. ముగ్గురు రోగులకు ఒక మోతాదు ఇస్తారు. తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి ఇంకాస్త పెంచుతారు. ఇక భరించలేరు అన్నచోట ఆగి ఒక మెట్టు దిగుతారు. ఆ మందులకు ఈ పద్ధతి కొంతవరకు సబబే. 2001లో ఇమాటినిబ్‌కు అనుమతి వచ్చాక వరసగా వెలువడిన మందుల తీరు వేరు. అవి కణంలో ఏదో ఒక ప్రోటీన్‌ను పట్టుకుని దాని పనిని ఆపుతాయి. ఆ ప్రోటీన్‌కు చాలినంత మందు అందాక ఇంకా ఇచ్చేది నిండిన కుండలో పోసిన నీరే. పొర్లిపోయి చర్మం మీదో, పేగుల మీదో, కాలేయం మీదో పడుతుంది. అయినా చాలాకాలం వీటికీ పాత కొలబద్దనే వాడారు. పైగా ఆ తొలి ప్రయోగాల్లో ప్రధానంగా చూసేది మొదటి మూడు నాలుగు వారాల్లో ఏమైందన్నదే. పిన్ని ఆ మాత్రను ఏళ్ల తరబడి వేసుకుంటోంది. నాలుగు వారాల పట్టికలో "స్వల్పం" అని నమోదయ్యే బాధ ఏళ్లకేళ్లు సాగితే దాన్ని స్వల్పం అనగలమా?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో ప్రాజెక్ట్ ఆప్టిమస్ అనే కార్యక్రమంతో ఈ పద్ధతిని మార్చే పని మొదలుపెట్టింది. గరిష్ఠ మోతాదు దొరికిందని ఆగిపోకుండా, ఒకటికి మించిన మోతాదులను ముందే పోల్చి చూపమని సంస్థలను అడుగుతోంది. అదే ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు సోటొరాసిబ్‌కు రోజుకు 960 మిల్లీగ్రాములకు అనుమతి ఇస్తూనే, 240తో పోల్చి చూడాలని షరతు పెట్టింది. నా మటుకు ఇది చాలా ఆలస్యంగా వచ్చిన మంచి మార్పు.

తక్కువతో ఏం చేయవచ్చో చూపిన ప్రయోగాలు లేకపోలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరటెరోన్‌ను ఖాళీ కడుపుతో 1000 మిల్లీగ్రాములు వేసుకోమంటారు. ఆహారంతో కలిస్తే ఆ మందు ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువగా పడుతుంది. అలాంటప్పుడు ఆహారంతోనే తక్కువ ఇస్తే? 72 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, కొవ్వు తక్కువగా ఉన్న ఉదయపు ఆహారంతో 250 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో రక్తంలో ప్రోస్టేట్ వ్యాధి తీరు తెలిపే సూచిక అయిన పీఎస్ఏ తగ్గడంలో లోటు కనబడలేదు. చిన్న ప్రయోగం, ఆయుర్దాయం గురించి తేల్చేంతది కాదు. కానీ నాలుగో వంతు మందు! ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 2022లో ప్రచురించిన ఫలితం నన్ను ఇంకా కదిలించింది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లు ఉన్న 151 మందిలో సగం మందికి మామూలు చికిత్సతోపాటు, రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు పురికొల్పే నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి కేవలం 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. ప్రపంచమంతటా వాడే మోతాదు రెండు వారాలకోసారి 240. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు ఆ కొద్దిపాటి మందు లేనివారిలో 16.3 శాతం, ఉన్నవారిలో 43.4 శాతం. పూర్తి మోతాదుతో వారు పోల్చలేదు, కాబట్టి రెండూ సమానమని ఎవరూ అనకూడదు. ఆ పోలిక ఇంతకాలం ఎవరూ ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న.

కొత్త మందులు అక్కర్లేదని నేను అనడం లేదు. కొత్త మందు గొప్పతనాన్ని కూడా, రోగి మీద నుంచి అది ఏ భారాన్ని తీసేసిందన్నదానితోనే తూచమంటున్నాను. పిల్లల లుకేమియా సంగతే చూడండి. యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రచురించిన 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. తర్వాతి దశాబ్దాల్లో చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకునే స్థితి వచ్చింది. కానీ వ్యాధి మెదడులో తలదాచుకోకుండా వారి తలకు రేడియేషన్ ఇచ్చేవారు. బతికినవారిలో ఎందరో ఎదుగుదల లోపాలతో, చదువులో వెనకబాటుతో, కొందరు మరో కణితితో ఆ బతుకుకు మూల్యం చెల్లించారు. 2009లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రి 498 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. ఎవరికీ ముందుజాగ్రత్తగా తలకు రేడియేషన్ ఇవ్వలేదు. మందులను జాగ్రత్తగా సర్ది, వెన్ను ద్రవంలోకి నేరుగా ఎక్కించారు. అయిదేళ్లకు 93.5 శాతం మంది బతికి ఉన్నారు. అలా వెన్నులోకి ఎక్కించే మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే. 1948 నాటి ప్రయోగానికి అసలైన కొనసాగింపు నాకు ఇక్కడే కనిపిస్తుంది.

తగ్గించడం ప్రతిసారీ మేలు చేయదు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తోపాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ చాలా కఠినమైన మందు. దాని బదులు సెటుక్సిమాబ్ ఇస్తే బాధ తగ్గుతుందని నమ్మారు. రెండు పెద్ద ప్రయోగాలు 2018లో బయటపెట్టిన నిజం వేరు. సెటుక్సిమాబ్ తీసుకున్నవారు తక్కువకాలం బతికారు. సదుద్దేశంతోనే అయినా పరీక్షించకుండా మార్చి ఉంటే ప్రాణాలు పోయేవి. అందుకే ఈ ప్రశ్నకు జవాబు ఊహతో కాక ప్రయోగంతో రావాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్తది మేలని నిరూపించడం కన్నా తక్కువది తీసిపోదని నిరూపించడం లెక్కల్లో చాలా కష్టం. కొన్ని వందల మంది చాలరు, వేలమంది కావాలి. రొమ్ము క్యాన్సర్‌లో జరిగిన టెయిలరెక్స్ ప్రయోగంలో 10,273 మంది మహిళలు చేరారు. హార్మోన్లకు స్పందించే, చంక గ్రంథులకు పాకని కణితి ఉన్నవారు వారు. కణితిలోని 21 జన్యువుల పరీక్షలో మధ్యస్థమైన అంకె వచ్చినవారిలో ఎక్కువమందికి హార్మోన్ మాత్రలతోపాటు కీమోథెరపీ ఇచ్చినా అదనపు మేలు లేదని 2018లో తేలింది. యాభై ఏళ్లలోపు వారిలో కొందరికి మాత్రం ఉంది. ఆ ఒక్క ఫలితంతో ఎందరు మహిళలకు జుట్టు రాలడం, వాంతులు, నరాల తిమ్మిరి తప్పాయో ఆలోచించండి. తన మందు అక్కర్లేదని చూపే ఇలాంటి పరీక్షకు ఏ ఔషధ సంస్థ డబ్బు పెడుతుంది? దీని ఖర్చులో పెద్ద భాగం అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, అంటే ప్రజల డబ్బు, భరించింది. కొంత భాగం రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం వేసిన తపాలా బిళ్లల నుంచి వచ్చింది. ఉత్తరం మీద అంటించే బిళ్లకు కొన్ని సెంట్లు ఎక్కువ చెల్లించినవారు లోకమంతటా చికిత్స తీరును మార్చారు. క్యాన్సర్ పేరిట విరాళాలు సేకరించే సంఘాలు కొంత భాగాన్నయినా ఇలాంటి ప్రయోగాలకు కేటాయించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మోతాదు ఎక్కువైందని ముందుగా తెలిసేది రోగికే, కానీ చాలామంది చెప్పరు. చెబితే మందు ఆపేస్తారేమోనన్న భయం. పిన్ని కూడా పిక్కల నొప్పి సంగతి రెండేళ్లు డాక్టరుకు చెప్పలేదు. న్యూయార్క్‌లో 766 మంది రోగులతో ఈథన్ బాష్ బృందం చేసిన అధ్యయనంలో, సగానికి పైగా మంది తమ బాధలను కంప్యూటర్ ద్వారా క్రమం తప్పకుండా తెలిపారు. తీవ్రమైనవి కనబడితే నర్సులకు వెంటనే సందేశం వెళ్లేది. కొత్త మందేమీ లేదు. 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం అలా తెలిపినవారి మధ్యగత ఆయుర్దాయం (అంటే సగం మంది అంతకు మించి బతికిన కాలం) 31.2 నెలలు, మామూలు చికిత్స పొందినవారిది 26 నెలలు. అయిదు నెలలకు పైగా తేడా! ఇంత మేలు చేసే మాత్ర ఏదైనా వచ్చి ఉంటే ప్రతి ఆస్పత్రిలోనూ దొరికేది.

పిన్ని ప్రశ్నకు మొదటి జవాబు 2010లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. కనీసం రెండేళ్లుగా వ్యాధి ఆనవాలే కనబడని 100 మంది ఇమాటినిబ్‌ను ఆపి చూశారు. ఏడాది తర్వాత సుమారు 40 శాతం మందికి వ్యాధి తిరిగి రాలేదు. వచ్చినవారికి అదే మందు మళ్లీ పనిచేసింది. ఇదంతా చదివాక నేనే పిన్నికి ఫోను చేసి, అప్పుడు మాట తుంచేసినందుకు క్షమించమన్నాను. ఆమె తన డాక్టరుతో మాట్లాడింది. నెలనెలా పరీక్ష చేయించుకునే షరతు మీద మాత్ర ఆపారు. వాపు తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. అయిదో నెల పరీక్షలో వ్యాధి ఆనవాలు తిరిగి కనిపించింది. మాత్ర మళ్లీ మొదలైంది, పరీక్షలు మళ్లీ మెరుగుపడ్డాయి.

మొదట సగానికి తగ్గించి, ఏడాది చూసి, తర్వాత ఆపే పద్ధతిని బ్రిటన్‌లో పరీక్షించారు. ఆ సంగతి చెబితే, "అయితే ఈసారి సగం గురించి అడుగుతాను" అంది పిన్ని. వచ్చే నెల ఆమె డాక్టరును కలిసేటప్పుడు నేనూ ఫోనులో ఉంటాను.