పిండి రాలిందని చెదల మందు కొట్టించకండి

మంచం కోడు కింద తెల్లటి పిండి కనబడగానే "చెదలు పట్టాయి" అని ఇల్లంతా మందు కొట్టించేస్తున్నారు. చూస్తుంటే కడుపు మండుతోంది. చెదలు వేరు, చెక్కని పుచ్చబెట్టే పురుగు వేరు. నేలలో పోసే చెదల మందు ఈ పురుగుకి పనికిరాదు.

కావలిలో మా అక్కవాళ్లు కొత్తగా కొన్న దివాన్ కింద ఎంత ఊడ్చినా తెల్లారేసరికి మళ్లీ పిండి. మందు కొట్టే అతను వచ్చి, వంగి చూడకుండానే చెదలన్నాడు. గోడల వెంబడి గచ్చుకి చిల్లులు వేసి, మందు పోసి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు. దివాన్‌ని ముట్టుకోలేదు. పిండి రాలుతూనే ఉంది.

వంగి చూస్తే తెలిసిపోయే విషయం ఇది. నేల చెదలైతే ఎక్కడో ఒకచోట గోడ మీదో గుమ్మం పక్కనో సన్నటి మట్టి దారి ఉంటుంది. చెక్క తడితే డొల్లగా మోగుతుంది. పొడి చెక్కలోనే కాపురం పెట్టే ఇంకో రకం చెదలున్నాయి, వాటి కింద చేతికి గరగరలాడే చిన్న చిన్న గింజలు పడతాయి. పుచ్చు పురుగుదైతే మెత్తటి పిండి. వేళ్ల మధ్య నలిపితే టాల్కం పౌడర్‌లా జారిపోతుంది. పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కంతలుంటాయి. అవి పురుగు లోపలికి దూరిన దారులు కావు, లోపల నెలల తరబడి తిని, రెక్కలొచ్చి బయటికి వచ్చిన దారులు. కంత కనబడిందంటే లోపల అప్పటికే తినేసిందన్నమాటే.

ఇంకొక్క మాట. పాత కంతల్లో మిగిలిన పిండి మంచం కదిలినా రాలుతుంది. అందుకే కంతల చుట్టూ పెన్నుతో గీత గీసి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. కొత్త కంత పడితే పురుగు బతికే ఉంది. దాని లోపలి చెక్క రంగు కూడా తాజాగా ఉంటుంది.

అసలు తప్పు అమ్మేవాళ్లది. ఈ పురుగుకి కావలసింది చెక్కలోని పిండి పదార్థం. అది ఉండేది మానులో బయటివైపు ఉండే తెల్ల చెక్కలో, నడిమి చేవలో కాదు. టేకు అని చెప్పి తెల్ల చెక్కకి రంగు పూసి అంటగడుతున్నారు. పైన మెరిసే పాలిష్, వెనకా అడుగునా పచ్చి చెక్క. పాలిష్ ఉన్నచోట ఇది గుడ్లు పెట్టలేదు, పూయకుండా వదిలేసిన ఆ పచ్చి చెక్క రంధ్రాల్లోనే పెడుతుంది. కొనేటప్పుడు మంచాన్ని తిరగేసి చూపించమనండి. మొహమాటపడకండి, డబ్బు మీది. మన పెద్దవాళ్లు వెదురునీ వాసాలనీ వారాల తరబడి చెరువు నీళ్లలో నానేసేవాళ్లు. ఆ పిండి పదార్థం నీళ్లలో పోతే పురుగుకి తిండి ఉండదు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు.

పట్టాక ఏం చేయాలి? పాలిష్ గీకేసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిసిన మందుని డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలిపి, బ్రష్‌తో అన్ని వైపులా రెండు మూడు సార్లు పట్టించాలి. గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. బాగా ఆరాక అడుగుతో సహా పాలిష్ వేయించండి. లోతున ఉన్నవి వెంటనే చావవు, కొన్నాళ్లు పిండి పడుతుంది, టెన్షన్ పడొద్దు. కోడు చేత్తో నొక్కితే లోపలికి దిగిపోతుంటే మాత్రం మందు దండగ, ఆ ముక్క మార్పించడమే. కిరసనాయిలు పోయకండి. అది ఆవిరైపోతుంది, పైగా నిప్పు భయం. ఎండలో పెడితే చాలనే మాటా నమ్మను. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీలు చేరి అరగంట నిలవాలి. రోళ్లు పగిలే రోహిణి ఎండైనా లావాటి కోడు మధ్యకి అంత వేడి ఇస్తుందన్న నమ్మకం లేదు.

అన్నిటికంటే భయపెట్టేది వేరే ఉంది. మిల్లుల్లో, గోదాముల్లో ధాన్యానికి పెట్టే బిళ్లలు తెచ్చి మంచం కింద పెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. తేమ తగిలితే ఆ బిళ్లలు ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. పడక గదిలో పెడితే పురుగుతో పాటు మనుషుల ప్రాణాలూ పోతాయి. ఎవరైనా తెచ్చిస్తామన్నా ఇంట్లోకి రానివ్వకండి.