నీది ఏ స్టోరు?

కొత్తగా పరిచయమైన మనిషిని పట్టుకుని రెండో నిమిషంలోనే "మీరేమోళ్లు?" అని అడిగే అలవాటు ఓరుగల్లు ప్రాంతంలో ఇంకా పూర్తిగా పోలేదు. రాత్రి పదకొండు దాటాక హనుమకొండ, కాజీపేట, సుబేదారి గదుల్లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే తరానికి ఇటువంటి పట్టింపులు లేవని విని, సంప్రదాయం తెగిపోతుందేమోనని నేను చాలాకాలం దిగులు పడ్డాను. ఆ దిగులు ఇప్పుడు తీరింది. నలుగురు మిత్రులు కలిసి కో-ఆప్, అంటే ఒకే జట్టుగా ఆడే కంప్యూటరు ఆట మొదలుపెట్టే ముందు ఒకరినొకరు అడుగుతున్న మొదటి మాట "నీది ఏ స్టోరు?" అన్నదే, అంటే ఆ ఆటను ఆన్‌లైన్‌లో ఏ దుకాణం నుంచి తెచ్చుకున్నావని. స్టీమ్ వారు స్టీమ్ వారితో, ఎపిక్ వారు ఎపిక్ వారితో, మైక్రోసాఫ్ట్ స్టోరు వారు తమలో తాము. వరుస కలిస్తే ఆట, కలవకపోతే క్షేమసమాచారాలు.

ఈ కట్టుబాటు ఎంత పద్ధతిగా ఏర్పడిందో తెలియని వారు "ఆట ఒక్కటే, విండోస్ ఒక్కటే, ఇంటికి వచ్చే ఇంటర్నెట్ వైరు ఒక్కటే, మరి అడ్డం ఏమిటి?" అని తొందరపడి అడుగుతుంటారు. వాల్వ్ సంస్థ 2003లో స్టీమ్‌ను తెచ్చినప్పుడు అది ప్రధానంగా తన ఆటలకు అప్‌డేట్లు పంపుకునే ఏర్పాటు. క్రమంగా అది దుకాణమైంది. మిత్రుల జాబితా, ఆహ్వానాలు, ఆటగాళ్లను జతపరిచే లాబీ, ఒకరి కంప్యూటరును మరొకరి కంప్యూటరుకు కలిపే దారి, ఇవన్నీ తానే కట్టి ఆటల తయారీదారుల చేతిలో పెట్టింది. ఊరికే వచ్చేదాన్ని వద్దనే తయారీదారు ఎక్కడుంటాడు? చిన్న బృందం తన ఆటను ఆ లాబీని నమ్ముకునే తయారు చేస్తుంది, తర్వాత అదే ఆటను మరో స్టోరులో అమ్మబోతే అక్కడ స్టీమ్ లాబీ ఉండదు కనుక, ఆ స్టోరు పద్ధతిలో ఇంకో లాబీ కట్టుకోవలసి వస్తుంది. రెండింటికీ నడుమ తలుపు పెట్టడం మూడో పని, దానికి మళ్లీ డబ్బు, మళ్లీ శ్రమ. డీప్ రాక్ గెలాక్టిక్ అనే ఆటలో నలుగురు మరుగుజ్జులు కలిసి గనులు తవ్వుతారు. స్టీమ్‌లో కొన్న మరుగుజ్జూ మైక్రోసాఫ్ట్ స్టోరులో కొన్న మరుగుజ్జూ ఒకే రకం గుహలో ఒకే రకం పురుగులతో పోరాడతారు కానీ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోరు. ఇంతకు మించిన క్రమశిక్షణ గనుల చరిత్రలో ఉంటుందని నేను అనుకోను. సింగరేణిలో కూడా అన్ని షిఫ్టుల వారూ గేటు దగ్గరైనా ఎదురుపడతారు.

మిత్రుల విషయంలోనే కాదు, శత్రువుల విషయంలోనూ మడి తప్పకుండా కాపాడిన సందర్భం ఉంది. 2016లో కాల్ ఆఫ్ డ్యూటీ: ఇన్ఫినిట్ వార్‌ఫేర్ అనే తుపాకుల ఆట విడుదలైనప్పుడు, దానిని విండోస్ స్టోరులో (నేటి మైక్రోసాఫ్ట్ స్టోరు అదే) కొన్నవారు ఆన్‌లైన్‌లో విండోస్ స్టోరు వారితోనే ఆడాలని, అదే విండోస్ కంప్యూటరు మీద స్టీమ్‌లో కొన్నవారితో ఆడే వీలు లేదని తేలింది. మనలను కాల్చి చంపేవాడు కూడా మన స్టోరు వాడే కావాలన్న పట్టుదలను నేను మనసారా గౌరవిస్తాను.

దీనికంతటికీ కారణం వ్యాపారమేనని కొందరు తేలికగా తీసిపారేస్తారు. వ్యాపారాన్ని చులకన చేయడం కాకతీయుల గడ్డ మీద పుట్టినవారికి తగదు. 1244-45 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకుల నుంచి ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని మాట ఇచ్చాడు. స్టీమ్ మామూలుగా నూటికి ముప్పై తీసుకుంటుంది. ఆ రెండు ముప్పైలకూ నడుమ మానవ నాగరికత ఎంత ముందుకు నడిచిందో లెక్కలు వచ్చినవారు చూసుకోవచ్చు. 2018 డిసెంబరులో ఎపిక్ తన స్టోరు తెరిచి, నూటికి పన్నెండు చాలునని ప్రకటించింది. తయారీదారులు సంతోషించారు కానీ, ఏళ్లతరబడి కొన్న ఆటలూ కూడబెట్టిన మిత్రుల జాబితా స్టీమ్‌లో ఉండగా కొనేవాడు ఇల్లు మారడు కదా. అందుకని ఎపిక్ ఉచిత ఆటలు పంచడం మొదలుపెట్టింది. 2020 మే నెలలో ఏకంగా గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5నే ఉచితంగా ఇస్తే, ఆ తాకిడికి స్టోరే కాసేపు కుప్పకూలింది. అప్పటి నుంచి మన కుర్రవాళ్లు గురువారం రాత్రి క్రమం తప్పకుండా లాగిన్ అయి, ఆడే ఉద్దేశం ఏమాత్రం లేని ఆటను భక్తితో స్వీకరించి లాగౌట్ అవుతున్నారు. (పోలండ్ వారి గోగ్ స్టోరులో కాపీ తాళం లేని ఆటలు కొని గర్వించే మిత్రుడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. అతనికి ఒంటరిగా ఆడుకోవడం అలవాటే కనుక అతని ప్రస్తావన ఇక్కడ అనవసరం.)

ఉచితం వల్ల కలిగే నైతిక ఉన్నతిని నేను మా బృందంలోనే చూశాను. మొన్నటి దసరా సెలవుల్లో ముగ్గురం ఒక స్టోరులో డబ్బు పెట్టి ఆట కొన్నాము. కరీంనగర్ మిత్రుడికి అదే ఆట మరో స్టోరులో ఎప్పుడో ఊరికే వచ్చి ఉంది. నలుగురం డిస్కార్డ్ అనే మాటల యాప్‌లో కాల్‌లోకి వచ్చాము. అతని ఫ్యాను చప్పుడు మాకు వినిపిస్తున్నది, కాజీపేట మిత్రుడి ఇంటి వెనుక పోతున్న గూడ్సు బండి అతనికి వినిపిస్తున్నది, వంటింట్లో నుంచి ఎవరి తల్లిగారో "బువ్వ సల్లగైతాంది, లేస్తవా లేవవా?" అని అడుగుతున్నది అందరికీ వినిపిస్తున్నది. అంతలో అతను తన స్క్రీను మీద ఉన్న వాక్యాన్ని మాకు చదివి వినిపించాడు: "మీ మిత్రులెవరూ ప్రస్తుతం ఆన్‌లైన్‌లో లేరు." స్టోరు వారు అబద్ధం చెప్పరు. చెవిలో ముగ్గురం మాట్లాడుతున్నంత మాత్రాన మేము అతనికి మిత్రులమని రుజువు ఏముంది?

సంస్కర్తలు ఊరుకోరు. క్రాస్‌ప్లే, అంటే వేర్వేరు స్టోర్ల వారిని కలిపి ఆడించడం, అనే పేరుతో వారు హద్దులు చెరిపే పని పెట్టుకున్నారు. బోర్డర్‌ల్యాండ్స్ 3 అనే ఆట మొదట 2019లో ఎపిక్‌లో వచ్చి, 2020 మార్చిలో స్టీమ్‌కు చేరినప్పుడు రెండు స్టోర్ల వారూ కలిసి ఆడే వీలు కల్పించారు. శాటిస్‌ఫాక్టరీ అనే ఆటలోనూ అంతే. ఎపిక్ సంస్థ అయితే ఈ కలిపే సాధనాలను ఏ స్టోరులో అమ్మే తయారీదారుకైనా ఉచితంగానే ఇస్తున్నది. అయినా వ్యవస్థ అంత తేలికగా ఓడిపోదు. రెండు స్టోర్లను కలపాలంటే చాలా ఆటల్లో మూడో ఖాతా తెరవాలి: ఆట కంపెనీ ఖాతా. దానికో పాస్‌వర్డు, ఆ పాస్‌వర్డుకు ఫోనులో వచ్చే అంకెలు, ఆ అంకెలు వచ్చేసరికి గడువు ముగిసిందన్న సందేశం. యూబీసాఫ్ట్ ఆటను స్టీమ్‌లో కొన్నా, తెరవగానే వెనుక నుంచి ఆ కంపెనీ సొంత ప్రోగ్రాం యూబీసాఫ్ట్ కనెక్ట్ తలెత్తి చూస్తుంది. ఇక ఆహ్వాన సంకేతాన్ని ఫోనులో చదివి చెప్పే ఘట్టం ప్రత్యేకం.

"బి ఫర్ బాల్, సెవెన్, ఓ..."

"గది ఓనా, సున్ననా?"

"గుండ్రంగున్నది రా."

ఇవన్నీ దాటాక ఒక స్టోరులో కొత్త అప్‌డేట్ వచ్చి ఉంటుంది, రెండోదానిలో ఇంకా రాదు; వెర్షన్లు వేరని ఆట తలుపు మూసుకుంటుంది. నలుగురూ ఆవలించి పడుకుంటారు. ఆరోగ్యశాఖ చేయలేని పని ఇది.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ అనే సంస్థ తీరు. 2021లో వారు ఇట్ టేక్స్ టూ అనే ఇద్దరాడే ఆటను తెచ్చి, ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా చేరవచ్చన్నారు. 2025లో స్ప్లిట్ ఫిక్షన్ తెచ్చి, ఆ రెండోవారు వేరే స్టోరులో ఉన్నా, చివరికి కంప్యూటరు కాక టీవీకి తగిలించే ఆటపెట్టె (కన్సోలు) మీద ఉన్నా ఫర్వాలేదన్నారు. కొనకుండానే ఆడటం, ఏ స్టోరని అడగకుండానే కలవడం! ఇటువంటి విచ్చలవిడితనం మన పల్లెల దాకా పాకితే పరిస్థితి ఏమిటో పెద్దలు ఆలోచించాలి.

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. మీసేవ కేంద్రాల్లో కుల, ఆదాయ, నివాస పత్రాలతో పాటు స్టోరు ధ్రువీకరణ పత్రం కూడా ఇప్పించాలి. దాని మీద స్టోరు పేరు, ఆట కంపెనీ ఖాతా పేరు, ఆట వెర్షను సంఖ్య ఉండాలి, తహసీల్దారు సంతకం ఉండాలి. ఇంజినీరింగ్ కళాశాలల్లో చేరేనాడే విద్యార్థులు దానిని చూపించి, తమ స్టోరు వారినే వెతుక్కుని స్నేహం చేసుకుంటే, నాలుగేళ్ల తర్వాత దసరా సెలవుల్లో ఇటువంటి అప్రతిష్ఠ ఎవరికీ కలగదు.

కరీంనగర్ మిత్రుడు మాత్రం పత్రం కోసం ఆగలేదు. ఊరికే వచ్చిన ఆటనే మళ్లీ డబ్బు పెట్టి కొనడానికి మా స్టోరులోకి వెళ్లాడు. అక్కడ ధర పక్కనే మా ముగ్గురి బొమ్మలూ పెట్టి, "ఈ ఆట మీ మిత్రులు ముగ్గురి దగ్గర ఉంది" అని రాసి ఉందట. డిస్కౌంటు ముందురోజే అయిపోయింది. యూపీఐతో పూర్తి ధర కట్టాడు.